నాలుగో కాలు ఎక్కడికి పోయింది?

కాగితం పైఅంచున నీలం పట్టీ, కింది అంచున పచ్చ పట్టీ, నడుమంతా తెలుపు. ఒకటో తరగతి పిల్ల ఇలా బొమ్మ వేస్తే “ఆకాశం ఇలా ఉంటుందా?” అని ఆ నీలాన్ని నేలదాకా రుద్దించే పెద్దలు చాలామంది ఉన్నారు. పిల్లలు పెద్దల్లా గీయబోయి విఫలమవుతారన్నది వాళ్ల నమ్మకం. ఆ నమ్మకమే తప్పు. ఆకాశం పైన ఉంటుంది, నేల కింద ఉంటుంది, మధ్యలో మనం తిరుగుతాం. ఆ పిల్లకు తెలిసింది ఇది, గీసిందీ ఇదే. ఈ వయసువాళ్లు కంటికి కనిపించిన రూపం కన్నా మనసుకు తెలిసిన సంగతినే గీస్తారని ఫ్రాన్స్‌లో జార్జ్-ఆన్రీ లూకే 1927లోనే పుస్తకం రాసి వివరించాడు. అందుకే వాళ్ల బల్లకు నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాచి ఉంటాయి. ఒక కాలు ఇంకోదాని వెనక దాగితే బల్ల కుంటిదైపోయినట్టే కదా! గోడలోంచి లోపలి మంచం, పొయ్యి కనిపిస్తాయి. అమ్మ ఇంటికన్నా ఎత్తుగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఇంట్లో అందరికన్నా ముఖ్యురాలు ఆమే.

మాటలు నేర్చే తీరు గుర్తుచేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మూడేళ్ల పిల్ల “నాన్న వచ్చింది” అంటే మనం బెత్తం పట్టుకోం. అమ్మ వచ్చింది, అవ్వ వచ్చింది, ఆవు వచ్చింది అని విని, ఆ పిల్ల తనంతట తాను అల్లుకున్న వ్యాకరణం అది. గీతకూ ముద్దుమాటలున్నాయి. అమెరికాలో రోడా కెలాగ్ లక్షలకొద్దీ పిల్లల బొమ్మలు సేకరించి, వాళ్ల పిచ్చిగీతల్లో 20 మూలరూపాలను గుర్తించింది. అవి అక్షరాలనుకుంటే, గుండ్రటి తలకే కాళ్లు అతికించిన మనిషి తొలి మాట. నేలగీత మీద వరసగా నిలబెట్టిన ఇల్లు, చెట్టు, తాతయ్య కలిస్తే తొలి వాక్యం. మరి బోర్డు మీద రెండు కొండలు, నడుమ సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు వేసి తరగతి మొత్తం చేత దింపించడం ఏమిటి? మాటలొస్తున్న పిల్లకు ఒకే ఉపన్యాసం కంఠతా పట్టించడం. దాన్ని పొల్లుపోకుండా అప్పజెబుతుంది గానీ, దాహమేస్తే నీళ్లడగడానికి సొంత మాట ఉండదు.  

చేర్యాలలో బట్టమీద కథల పటాలు గీసే నకాషీ కళాకారుల ఇళ్లలో పిల్లలు పెద్దల గీత చూసే నేర్చుకుంటారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ బట్టకు గంజి, చింతగింజల జిగురు, సుద్దమట్టి పూయడం నుంచి కథ పూర్తయ్యేదాకా పనంతా వాళ్ల కళ్లముందే జరుగుతుంది. దింపిన ప్రతి గీతా ఒక కథ చెప్పడానికే. పైగా ఒకే కథానాయకుడు పటం పొడుగునా మళ్లీమళ్లీ కనిపించే ఆ కళలోనూ, కంటికి కనిపించేదానికన్నా తెలిసిన కథదే పైచేయి. బడిలో దింపించే కొబ్బరిచెట్టుకు ఏ కథా లేదు.

అలాగని నైపుణ్యం నేర్పనే వద్దనడం కూడా పొరపాటే. కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో రాసిన పుస్తకం ప్రకారం, తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలు తమ బొమ్మను తామే నిలదీసుకోవడం మొదలవుతుంది. “నాకు బొమ్మలు రావు” అంటూ కాగితం దాచేది అప్పుడే. బొమ్మలకు చేయి తిరగాలన్న మాట నిజమే, కానీ ముందు చూపు తిరగాలి. కళలు బడిలో అన్ని దశల్లోనూ పాఠ్యాంశంగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. అయినా సాయం అందాల్సిన ఆరు, ఏడు తరగతుల్లోనే చాలాచోట్ల డ్రాయింగు పీరియడు లెక్కల పాలవుతోంది. ఖరీదైన సామగ్రేమీ అక్కర్లేదు. రెండు చెంబులు ముందూ వెనకా పెట్టి, వెనక చెంబులో కంటికి ఆనని భాగాన్ని గీయకుండా వదిలేయమంటే చాలు. బల్ల నాలుగో కాలు ఎక్కడికి పోయిందో పదకొండేళ్ల పిల్ల ఆ పీరియడులోనే కనిపెడుతుంది.