సూత్రధారుడే నాయకుడు

ఏ సంస్థకైనా భవనాలు, నిధులు, నియమావళి అవసరమే. కాని వాటికి ప్రాణం పోసేది మనుషుల ప్రతిభ. ఆ ప్రతిభను గుర్తించి, తగిన స్థానంలో నిలిపి, దాని వికాసానికి తోడ్పడటమే నాయకత్వమని మేము భావిస్తున్నాము. ఇందుకు నిదర్శనం వెదకుతూ దూరదేశాల వాణిజ్య సంస్థల వైపు చూడనవసరం లేదు. మన కృష్ణా జిల్లాలోని కూచిపూడి మేళాన్ని పరిశీలిస్తే చాలు.

మేళంలో వేషధారులు, గాయకులు, మృదంగ విద్వాంసులు ఎందరో ఉంటారు. వీరందరినీ ఒక్క త్రాటిపై నడిపేవాడు సూత్రధారుడు. చేత తాళాలు ధరించి, పాత్రలను పరిచయం చేస్తూ, ప్రదర్శన గతి తప్పకుండా కాపాడే బాధ్యత అతనిదే. భామాకలాపంలో అతడే సత్యభామకు చెలికత్తె అయిన మాధవిగా మారి ప్రశ్నలు వేస్తాడు. ఆ ప్రశ్నలకు బదులు చెప్పడంలోనే సత్యభామ పాత్రధారి అభినయ ప్రౌఢి వెల్లడి అవుతుంది. ఇతరుల శక్తి వెలుగు చూసేటట్లు సంభాషణ నడపడం నాయకుని మొదటి విద్య.

వెంకటరామ నాట్యమండలిలో చింతా కృష్ణమూర్తి గారు సూత్రధారులు కాగా, 1935లో జన్మించిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా ఖ్యాతి గడించారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం శర్మ గారికి 1961లో, కృష్ణమూర్తి గారికి 1968లో లభించింది. యువనటుని కీర్తి ముందు వచ్చినందువల్ల మేళపెద్ద గౌరవానికి కొరత కలుగలేదు.

రెండవ విద్య వారసులను సిద్ధం చేయడం. మేళాలలో బాలురు ప్రహ్లాదుని వంటి చిన్న పాత్రలతో రంగమెక్కి, పెద్దల మధ్యనే పెరిగి, క్రమంగా పెద్ద వేషాలు అందుకొనేవారు. అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉండేది. చిరకాలం ఆ విద్య కొన్ని కుటుంబాల పురుషులకే దక్కింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు (1886-1956) స్త్రీలకు కూడ నేర్పి ఆ తలుపు తెరిచారు. వారి శిష్యులలో ఒకరైన వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, 2012లో కన్నుమూసే నాటికి ఎందరినో తీర్చిదిద్దారు. నేడు ఈ నాట్యం అభ్యసించేవారిలో స్త్రీలే అధికం. ప్రతిభను వెదకే పరిధి విస్తరించినప్పుడే సంస్థ విస్తరిస్తుంది.

పోషకుల పాత్రను కూడ విస్మరించరాదు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఈ గ్రామాన్ని కళాకారుల కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చినట్లు ప్రతీతి. మతం వేరైనా, భాష వేరైనా ఆదరణకు అవి అడ్డు కాలేదు. 1687లో ఆయన రాజ్యం అంతరించింది. కూచిపూడి కళ మాత్రం నిలిచింది.

మన కళాశాల సంఘాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక్క కార్యదర్శి భుజాలమీద నడిచే సంఘం అతడు పట్టా పుచ్చుకొని వెళ్ళగానే మూతపడుతుంది. విద్యార్థి నాయకులు మొదటి సంవత్సరం వారికి ఇప్పటినుండే చిన్న బాధ్యతలు అప్పగించాలి. వేదికనెక్కడానికి జంకే విద్యార్థి ఉర్దూ వాడైనా, తెలుగు వాడైనా, అతనిని ప్రశ్నించి పలికించాలి. కమిటీ పెద్దలు బంధుత్వాన్నీ, పలుకుబడినీ కాక సామర్థ్యాన్నే గమనించి అవకాశం కల్పించాలి. తాము తప్పుకొన్న తరువాత కూడ తాళం తప్పని సంస్థను నిర్మించినవారే నిజమైన నాయకులు.