ఎనిమిదింట అయిదు వంతుల మనిషి

ఉద్యోగికి స్వేచ్ఛ ఇవ్వాలన్న మాట ఇప్పుడు ప్రతి హెచ్‌ఆర్ మేనేజరు నోటా వినిపిస్తుంది. ఆచరణలో అది ఆఫీసుకు ఎన్నింటికి రావాలి, వారంలో ఎన్నాళ్లు ఇంటి నుంచి పనిచేయొచ్చు అన్న దగ్గరే ఆగుతుంది. ఎవరు ఏ పని చేయాలి, ఏ వరసలో చేయాలి, చిక్కు వస్తే ఎవరు తేల్చాలి అన్న అసలు సంగతులు పైవాళ్ల చేతిలోనే ఉంటాయి. అవి కూడా కిందికి వదిలేస్తే ఏమవుతుందో డెబ్బై ఏళ్ల కిందటే మన దేశంలో, అహ్మదాబాద్‌లోని కాలికో మిల్లులో చూశారు.

మిల్లు సారాభాయ్ కుటుంబానిది. ఒక షెడ్డులో 224 ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. గడియారం పట్టుకుని ఒక్కో పనికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టి, మొత్తాన్ని 12 రకాల పనులుగా విడగొట్టి 29 మందికి పంచారు. కండెలు నింపడం ఒకరిది, పెద్దఎత్తున పోగులు తెగితే అతికేది ఇంకొకరు, పడుగు బీము ఎక్కించేది వేరొకరు. కాగితం మీద లెక్క ముచ్చటగానే ఉంది. షెడ్డులో మాత్రం ఉత్పత్తి అనుకున్నంత రాలేదు, పాడైన గుడ్డ ఎక్కువైంది.

యాజమాన్యం పిలుపు మీద లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకుడు ఎ.కె. రైస్ 1953లో వచ్చి చూశాడు. ఆయనకు తట్టింది చిన్న భాగహారం లెక్కే. నేతగాళ్లు 8 మంది, కండెలు నింపేవాళ్లు 5, పోగులు అతికేవాళ్లు 3, బీములు ఎక్కించేవాళ్లు 2. అంటే ఒక్కో నేతగాడి వాటాకు కండెలు నింపే మనిషి ఎనిమిదింట అయిదు వంతులు, పోగులు అతికే మనిషి ఎనిమిదింట మూడు వంతులు, బీము ఎక్కించే మనిషి పావు వంతు! ఒకరి మగ్గాల హద్దు ఇంకొకరి హద్దుతో కలవదు. మగ్గం ఆగితే కోపం ఎవరి మీద పడాలో తెలియదు. కండెలు నింపేవాడు వేరే నేతగాడి దగ్గరున్నాడంటే అది అతని తప్పూ కాదు. సిరిసిల్లలో సాంచల (మరమగ్గాల) మధ్య పనిచేసినవాళ్లకు ఈ చికాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. నాలుగు ప్రాజెక్టులకు ఒకే టెస్టింగ్ టీమును పంచి, గడువు దాటితే సంజాయిషీ మాత్రం ఒక్కరినే అడిగే సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోనూ జరుగుతున్నది ఇదే.

రైస్ సూచించినది సులువైన మార్పు. 64 మగ్గాలకు ఏడుగురు. ఆ మగ్గాల మంచిచెడ్డలన్నీ ఆ ఏడుగురివే. లోపల పని ఎలా పంచుకుంటారన్నది వాళ్ల ఇష్టం. ఈ మాట చెవిన పడగానే కార్మికులు, సూపర్‌వైజర్లు దాన్ని తమ చేతిలోకి తీసుకున్నారు. ఎవరితో ఎవరు కలిసి పనిచేయాలో పరిశోధకుడు తేల్చలేదు, వాళ్లే జట్లు కట్టుకున్నారు. నాకు మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. తాము బాధ్యత వహించాల్సిన పని తాము తిప్పుకోగలిగేంతలో ఉందని తెలిసినప్పుడు చొరవ చూపమని ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

మొదట్లో ఒడిదుడుకులు వచ్చాయి. కుదురుకున్నాక మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 శాతానికి చేరింది. పాడైన గుడ్డ 32 శాతం నుంచి 20కి తగ్గింది.

ఈ అంకెలను కళ్లు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదు. కొత్త పద్ధతితో పాటు జీతాల లెక్కా మారింది కాబట్టి, గొప్పతనం స్వేచ్ఛదా డబ్బుదా అని తర్వాత విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే రెంటినీ విడదీయాలనడమే నాకు కొంత వింతగా ఉంటుంది. అదనపు బాధ్యత మోయించి, దాని ఫలంలో వాటా ఇవ్వకపోతే దాన్ని స్వేచ్ఛ అని కార్మికుడు ఎందుకనుకుంటాడు? జీతం కదలకుండా పనులు మాత్రం పెరిగే ‘సాధికారత’ను మన ఉద్యోగులు ఇట్టే పసిగడతారు.

జట్టుకు వదిలేశాక సూపర్‌వైజరుకు పనేం మిగులుతుంది? చాలానే. నూలు మంచిది రావాలి, కండెలు వేళకు అందాలి, విడిభాగాలు దొరకాలి, మాటిమాటికీ గుడ్డ రకం మార్చమనే ఒత్తిడిని ఆపాలి. ఇవన్నీ జట్టు బయటి పనులు. జట్టుకు చేతకానివి కూడా ఇవే. మన దగ్గర మేనేజర్లకు ఇవి విసుగు. లోపలికి తొంగిచూసి ‘అలా కాదు, ఇలా’ అనడంలోనే పెత్తనం రుచి తెలుస్తుంది.

1970లో రైస్ సహచరుడు ఎరిక్ మిల్లర్ మళ్లీ ఆ మిల్లుకు వెళ్లాడు. ఒక షెడ్డులో జట్టు పద్ధతి దాదాపు అలాగే నడుస్తోంది. మరోచోట సన్నగిల్లిపోయింది. అక్కడ బయటి పరిస్థితులు మారాయి, ఇబ్బందులు పెరిగాయి. వాటిని చక్కదిద్దడానికి సూపర్‌వైజర్లు జట్ల లోపలి వ్యవహారాల్లోకి దిగారు. బయట ఆపాల్సిన ఒత్తిడి అలా లోపలికే వచ్చింది.