వంగడముల ఎన్నిక, తూకముల లెక్క

పమిడిముక్కల ప్రాంతపు శివారు రైతును, వరి వంగడము నెన్నుకొనుటలో అన్నింటికంటె ముఖ్యమైనదేది యని ప్రశ్నించినచో, తడుముకొనక నీరే యనును. సత్యమే, కాని ఆ యెన్నికలో నీటికి తూకము సున్న కావచ్చునన్నచో నవ్వకమానడు.

బాపట్లనుండి 1986లో వెలువడిన సాంబ మసూరిని, మారుటేరునుండి 1982లో వచ్చిన స్వర్ణను ప్రక్కప్రక్కన నిలుపుడు. రెండును మసూరి సంతతియే. ఇంచుమించు 150 దినముల పంటలే. రెంటికిని అదే కాలువ నీరు, అదే గడువున కావలెను. నీరు లేనిదే ఏదియు పండదు గాని, నీటినిబట్టి ఒకదానిని విడిచి మరియొకదానిని పట్టుటకు వీలులేదు. తేడా గలవి మూడు: సన్నబియ్యమగుటచే సాంబకు పలుకు ధర, గాలివానకు చేను పడిపోవు భయము, ఎరువుల ఖర్చు.

ఇట్టివానికి తూకము కట్టుటకై థామస్ సాటీ 1970 దశకమున రూపొందించిన పద్ధతిలో, ప్రమాణములను రెండేసి చొప్పున పోల్చి, ఒకటి మొదలు తొమ్మిదివరకు అంకెలు వేయుదురు. చేను నిలుచుట ధరకు రెండింతలు, ధర ఖర్చునకు రెండింతలు ముఖ్యమన్నచో, వందలో 57, 29, 14 పాళ్లు వచ్చును; ఆ వెంటనే నిలకడయు ఖర్చును సమానమే యన్నవాని మాటల పొసగమిని లెక్కయే పట్టియిచ్చును. గొప్ప గుణమే. అయితే ధర ముఖ్యమా యని ఊరక అడిగిన నేమి లాభము? బస్తాకు పదిరూపాయల తేడాయా, మూడువందల తేడాయా? క్లాడ్ షానన్ 1948 నాటి సమాచార సూత్రముతో, మనిషి నడుగకయే అంకెలలోని తేడానుబట్టి తూకము కట్టువారును గలరు. అందు తేడాలేనిదానికి సున్నయే. కాని ఆ సూత్రమునకు కౌలు తెలియదు.

కోతకు రెండు మూడు దినముల ముందు, పదును ఆరకమునుపే నిలిచియున్న వరిచేనిలో మినుములు చల్లుట ఇచ్చటి వాడుక. వాయుగుండము వచ్చి చేను పడుకొన్నచో, కంకులు నీట నాని మొలకలెత్తి, కోతకూలి పెరిగి, మినుము మొలక అడుగున నణగి, ఒక్క దెబ్బకు రెండు పంటలును చెడును. అన్ని విషయములందును కీడే జరిగినదనుకొని, ఒక్కదానినే బాగుచేసికొను వీలున్నచో దేనిని కోరుదువని ఇప్పుడడుగుడు. దానికి నూరు వేసి, తక్కినవానికి దానినిబట్టి వేయవచ్చును. బస్తాల లెక్కన కౌలు కొలువవలసినవాడు నిలకడ నడుగును. ఒక యేటి నష్టము నోర్వగల భూస్వామి ధర నడుగవచ్చును. అదే చేనికి ఒకడు స్వర్ణను, వేరొకడు సాంబను కోరినను ఇద్దరి లెక్కలును సరియైనవే. తేడాల ఊసెత్తక, ముఖ్యమైనదేదో చెప్పుమని పట్టికలు నింపించు పద్ధతియే తప్పు.