పరజాతి హృదయము

చెడిన గుండెను తీసి, మరణించిన దాత గుండెను రోగికి అమర్చు విద్య 1967లో సిద్ధించినది. కాని దాతలు కొందరే; వేచియుండు రోగులు పెక్కుమంది. అట్లయినచో జంతువు గుండె మనుష్యునకు పనికిరాదా?

ఈ ప్రశ్న అంతకు పూర్వమే పుట్టినది. 1964 జనవరిలో అమెరికాదేశమునందలి జాక్సన్ నగరమున, జేమ్స్ హార్డీ అను శస్త్రవైద్యుడు చింపాంజీ గుండెను ఒక రోగికి అమర్చెను. అది చిన్నదగుటచే దేహభారమును మోయజాలక, సుమారు గంటన్నరలో ఆగిపోయెను. 1984లో కాలిఫోర్నియాలో బబూన్ అను కోతి గుండెను పొందిన పసికందు సుమారు 20 దినములు మాత్రమే జీవించెను.

పిమ్మట వైద్యుల దృష్టి పందిపై నిలిచినది. దాని గుండె పరిమాణమున మన గుండెకు సరిపోలును. అయినను ఒక గొప్ప చిక్కు కలదు. పంది కణముల పైపొరయందు మనకు లేని చక్కెర పదార్థమొకటి యున్నది. దానిని శత్రువుగా నెంచు ప్రతిరక్షకములు మన నెత్తురులో శైశవమునుండియే యుండును. పంది గుండెలో మన రక్తము ప్రవేశింపగానే అవి రక్తనాళముల లోపొరను అంటుకొనును. అంతట ఆ పొర చెదరును. నెత్తురు గడ్డకట్టి సన్నని నాళములను మూసివేయును. నీరును ఎర్రకణములును కండరపు పోగుల నడుమకు ఊరును. అంతవరకు చక్కగా కొట్టుకొనుచున్న గుండె ఉబ్బి, నల్లబడి, కొలది నిమిషములలోనో గంటలలోనో నిలిచిపోవును. కావలివాడు ఇంటికి వచ్చిన వైద్యుని దొంగయని కొట్టినట్లున్నది గదా!

ఈ కలహమును మాన్పుటకు శాస్త్రజ్ఞులు పందియందలి 4 జన్యువులను పనిచేయకుండ జేసి, 6 మానవ జన్యువులను చేర్చిరి. అట్టి పంది గుండెను 2022 జనవరి 7వ తేదీన బాల్టిమోరు నగరమున, మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక రోగికి అమర్చిరి. ఆయనకు మనుష్యుని గుండె లభించు అవకాశము లేకపోయినది. క్రొత్త గుండె వెంటనే చెడలేదు; కొన్ని వారములు చక్కగా పనిచేసినది. రెండు నెలలకు ఆయన మరణించెను.

అనంతరము ఆ గుండెను పరీక్షింపగా, బరువు ఇంచుమించు రెట్టింపై, గోడలు మందమై యుండెను. సన్నని నాళములు దెబ్బతిని, ఎర్రకణములు వెలికి చిమ్మినవి. పోగుల నడుమ మొదట నీరును, పిదప నారవంటి గట్టి కణజాలమును చేరినవి. పందికి సంబంధించిన యొక వైరసు జాడయు కనబడినది. ఇకమీదట దాత జంతువులను మరింత నిశితముగా పరీక్షింపవలెనని వైద్యులు దీనివలన గ్రహించిరి.

గంటన్నర రెండు నెలలైనది. ఆ నడుమ గడచినవి 58 సంవత్సరములు. ఓడిన ప్రతి ప్రయత్నమును దాచక పరిశీలించుటవలననే ఈ మాత్రపు దూరము నడువ గలిగినారు. తెలిసి ప్రాణమొడ్డి ఆ పరిశీలనకు తోడ్పడిన రోగిని కూడ మనము మరువరాదు.