మృగాన్ని వెనక్కి పిలిచే మీట

బ్లిజార్డ్ అనే అమెరికన్ సంస్థ 2004లో విడుదల చేసిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆన్‌లైన్ ఆటలో వేటగాడి పాత్రకు విల్లు ఎంతో, వెంట నడిచే పెంపుడు మృగమూ అంతే. సాటి ఆటగాడితో తలపడినప్పుడు రెండింటినీ ఒకేసారి నడపడం మాత్రం తలకు మించిన పని. అందుకే మాక్రోలు. కొన్ని ఆజ్ఞలను వరుసగా రాసి ఒకే మీటకు అప్పగించడమన్నమాట. 255 అక్షరాలకు మించరాదు.

బాణం ఆజ్ఞకు పైన 'పెట్‌ఎటాక్' అని రాస్తే బాణంతోపాటే మృగమూ శత్రువు మీదికి దూకుతుంది. ఇది అందరూ చేసేదే.

అసలు అక్కరకు వచ్చేది వెనక్కి పిలిచే మాక్రో. ఎదుటి జట్టులో గాయాలు మాన్పేవాణ్ణి వేటగాడు మంచు ఉచ్చులో బిగించి, ఈలోగా రెండోవాడి పని పట్టాలని చూస్తాడు. దెబ్బ తగిలిందా, ఉచ్చు విడిపోతుంది. యజమాని పథకం మృగానికేం తెలుసు? కరుస్తూనే ఉంటుంది! ఉచ్చు వేయడానికి ముందే 'పెట్‌పాసివ్', 'పెట్‌ఫాలో' అని రెండు పంక్తులున్న మీట నొక్కితే బుద్ధిగా పక్కకు వచ్చి నిలబడుతుంది.

అయితే వేటగాడు అంతకుముందే విషబాణం వేసి ఉంటే, ఆ విషమే ఉచ్చును విడగొడుతుంది. దానిని వెనక్కి పిలిచే మాక్రో లేదు.