నడిచిన బండికన్నా నిలిచిన బండికే జబ్బులు!

వందేళ్లు దాటిన కారు. తిరిగింది మాత్రం 356 మైళ్లేనట! అంటే దాదాపు 570 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొస్తే అయ్యేంత దూరం. చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు నోరెళ్లబెట్టి చూసే పసుపురంగు రోల్స్‌రాయిస్ 'సిల్వర్ ఘోస్ట్' సంగతిది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చిన కారది. 1911లో ఆయన కన్నుమూయడంతో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ దానికి యజమాని అయ్యారు. వేడుకలకు తప్ప బయటికి తీసిందే తక్కువ.

అంత తక్కువ తిరిగితే ఇంజిన్ కొత్తదానిలా ఉంటుందనుకుంటాం. పాతకార్ల పని తెలిసిన మెకానిక్కులు మాత్రం ఒప్పుకోరు. వాళ్ల దృష్టిలో నడిచిన ఇంజిన్ కన్నా ఏళ్లతరబడి నిలిచిపోయిన ఇంజినే ఎక్కువ ప్రమాదం. సిల్వర్ ఘోస్ట్ చరిత్రలోనే దానికి చక్కటి రుజువుంది. 1907లో బ్రిటన్‌లో ఈ మోడల్ కారునొకదాన్ని 15 వేల మైళ్లు నడిపి పరీక్షించారు. తర్వాత రాయల్ ఆటోమొబైల్ క్లబ్ నిపుణులు దాన్ని విప్పి ప్రతి భాగాన్నీ కొలిచారు. అరిగినవి మార్చి మళ్లీ కొత్తదానిలా చేయడానికి తేలిన ఖర్చు... రెండు పౌన్ల పైచిలుకు!

తుప్పు ఎక్కడ మొదలవుతుందంటే...

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ లోపలి భాగాలన్నిటికీ నూనె పొర కవచంలా ఉంటుంది. ఆపేస్తే ఆ నూనె మెల్లగా కిందికి జారిపోతుంది. తెరిచి ఉన్న వాల్వుల గుండా తేమ లోపలికి చేరుతుంది. సిలిండర్ గోడకు తుప్పు పట్టి, పిస్టన్ రింగులు దానికి అతుక్కుపోతాయి. నీళ్లు తిరిగే దారుల్లో ఉప్పు పేరుకుపోతుంది. ఏళ్లతరబడి బోరునీళ్లు పోసిన బండైతే ఇక చెప్పక్కర్లేదు. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు జిగురులా గడ్డకడుతుంది.

అందుకే షెడ్డులో పడున్న తాతగారి అంబాసిడర్‌కో ఫియట్‌కో కొత్త బ్యాటరీ బిగించి, వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. అతుక్కున్న రింగు విరిగి సిలిండర్‌ను గీరేస్తుంది. నూనె అందని బేరింగులు దెబ్బతింటాయి. వేలల్లో తేలే పని లక్షకు చేరేది అక్కడే.

ముందు నాడి చూడాలి

పని మొదలయ్యేది రెంచీతో కాదు, కళ్లతో. ముందు నూనె దించి చూస్తారు. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయని అర్థం. అందులో లోహపు తళుకులు కనిపిస్తే బేరింగులు అరిగినట్టే. తర్వాత ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి పల్చటి నూనె పోసి కొన్నిరోజులు వదిలేస్తారు. ఆ తర్వాత చేత్తోనే మెల్లగా తిప్పి చూస్తారు. తిరగకపోతే బలవంతం చేయరు, మళ్లీ నూనె పోసి ఆగుతారు. ఇప్పుడైతే ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి కెమెరా పంపి, లోపలంతా సెల్‌ఫోన్ తెరమీదే చూడొచ్చు.

ఇంజిన్ తిరిగితే తర్వాతిది కంప్రెషన్ పరీక్ష. సిలిండర్లన్నీ దాదాపు ఒకే ఒత్తిడి చూపాలి. ఒకటి తగ్గితే అందులో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే లోపం రింగుల్లో. పెరగకపోతే వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో వెతకాలి. చెంచాడు నూనెతో రోగం ఎక్కడుందో తేలిపోతుందన్నమాట!

విప్పక తప్పదని తేలితే ఫొటోలు తీయాలి. ఏ బోల్టు ఎక్కడిదో చీటీ కట్టాలి. బేరింగు క్యాపులు ఒకదాని స్థానంలో మరొకటి బిగిస్తే క్రాంకు పట్టేస్తుంది. సిలిండర్‌ను పైన, మధ్యన, కింద కొలుస్తారు. ఎక్కువగా అరిగేది పైభాగమే. ఆ తేడా అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన ఉంటుంది. మితిమీరితే రీబోరు చేసి పెద్ద పిస్టన్లు వేయాలి.

జీడిమెట్ల అక్కరకొచ్చేదిక్కడే

మరి పిస్టన్ దొరకకపోతే? అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అంతకన్నా పాత విదేశీ కార్ల భాగాలు రాణిగంజ్ దుకాణాలన్నీ గాలించినా దొరుకుతాయన్న నమ్మకం లేదు. అప్పుడు దారి చూపేవి జీడిమెట్ల, బాలానగర్ లాంటి పారిశ్రామికవాడల్లోని లేత్, గ్రైండింగ్, ఫౌండ్రీ పనివాళ్ల చేతులే. అరిగిన బుష్‌నో పిన్నునో నమూనాగా తీసుకెళ్తే, కొలతలు చూసి కొత్తది తీసివ్వగల నైపుణ్యం వాళ్లది. హైటెక్ సిటీలో కంప్యూటర్ తెరమీద కొత్త కార్ల భాగాలు గీస్తుంటే, ఇక్కడ మైక్రోమీటర్ పట్టుకున్న టర్నర్ పాతకారుకు ప్రాణం పోయగలడు. అయితే ఒక్క జాగ్రత్త... కొలత ఒక్కటే సరిపోదు, లోహమూ కలవాలి. ఇత్తడి వేయాల్సినచోట ఇనుము వేస్తే రెండోది అరిగిపోతుంది.

కాలంతోపాటు మారిన పెట్రోలునూ లెక్కలోకి తీసుకోవాలి. పాత ఇంజిన్లు సీసం కలిసిన పెట్రోలుకు అలవాటుపడ్డవి. మన దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే వచ్చింది. అందుకే హెడ్డు విప్పినప్పుడే గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించడం మంచిది. ఇప్పటి పెట్రోలులో 20 శాతందాకా ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలను, కార్కు గ్యాస్కెట్లను దెబ్బతీస్తుంది. వాటినీ మార్చాల్సిందే.

ఇంజిన్ మారిస్తే గుర్తింపూ పోతుంది

'ఇంత అవస్థ ఎందుకు, ఏదో డీజిల్ ఇంజిన్ ఎక్కిస్తే పోదా?' అనే సలహా చాలా ఇళ్లలో వినిపించేదే. ఒకప్పుడు ఎన్నో అంబాసిడర్లు అలాగే మారిపోయాయి. కానీ 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి అసలు రూపంలోనే ఉన్న సొంత వాహనాలకే 'వింటేజ్' హోదా. వాటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేస్తే ఆ అర్హత పోయినట్టే. తీసి పారేసిన పాత ఇంజిన్ తుక్కు కింద పోయాక ఎంత డబ్బు పోసినా తిరిగిరాదు.

బాగుచేసిన ఇంజిన్‌నూ పసిబిడ్డలా చూసుకోవాలి. తొలి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, నూనె త్వరగా మార్చాలి. ఆపైన అద్దాల గదిలో దాచేయకుండా వారానికోసారైనా బయటికి తీసి, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా తిప్పాలి. పాత బండికి అంతకుమించిన మందు లేదు!