మానాలన్న మనసుకు తగిన తోడు

* మద్యపాన బాధితుల సహాయక బృందాన్ని ఎంచుకోవడం ఎలా?
* మొదటి సమావేశం నచ్చనంత మాత్రాన వెనుదిరగరాదు

ఇంటిల్లిపాదీ బతిమాలితే, వైద్యుడు రాసిచ్చిన చిరునామా పట్టుకుని ఓ సాయంత్రం సమావేశానికి వెళతారు. అక్కడ పదిమంది గుండ్రంగా కూర్చుని ఉంటారు. ఒక్కరూ తెలిసినవారు కాదు. చెప్పే మాటలు సగం అర్థం కావు. గంటసేపు గోడ గడియారం చూసి బయటపడతారు. 'ఇది మనకు సరిపడదు' అనుకుంటూ మళ్లీ మద్యం దుకాణం దారి పడతారు. తాగుడు మానాలనుకున్న పలువురి ప్రయత్నం ఇలా మొదటి రోజే ముగిసిపోతుంది. నిజానికి వారికి సరిపడనిది ఆ ఒక్క సమావేశమే కావచ్చు.

ఇద్దరితో మొదలు

మద్యపాన బాధితులే నడుపుకొనే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో పుట్టింది. వ్యాపార పనిపై అక్కడికి వెళ్లిన బిల్ విల్సన్, ఆ పని బెడిసికొట్టడంతో మళ్లీ తాగుతానేమోనని భయపడ్డారు. తనలాంటి మరో బాధితుడి కోసం వాకబు చేశారు. అలా పరిచయమైన వైద్యుడు బాబ్ స్మిత్‌తో కలిసి ఈ బృందానికి నాంది పలికారు. తగిన తోడు కోసం వెదుకులాట ఆనాటి నుంచే ఉందన్నమాట. మన దేశంలో ఏఏ సమావేశాలు 1957లో మొదలయ్యాయి.

ఈ బృందాలవైపు బాధితులను క్రమపద్ధతిలో నడిపించే చికిత్సపై జరిగిన 27 అధ్యయనాలను కాక్రేన్ సంస్థ 2020లో సమీక్షించింది. మద్యాన్ని పూర్తిగా మాన్పించడంలో ఇతర మానసిక చికిత్సల కన్నా ఇది మెరుగైన ఫలితమిచ్చినట్లు తేలింది.

ముందుగా వైద్యుడి వద్దకు

ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానడం ప్రమాదకరం. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదట కనిపిస్తాయి. రెండు మూడు రోజుల్లో మూర్ఛ, మతి తప్పడం, లేనివి కనిపించడం వంటి లక్షణాలు రావచ్చు. ఇది ప్రాణాంతకం కూడా. ఇటువంటివారిని మొదట ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. సమావేశం చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. వైద్యుడు రాసిన మందులను తోటి సభ్యుల మాట విని ఆపరాదు.

సమావేశాల్లో తేడాలు

సమావేశాలు ప్రధానంగా రెండు రకాలు. బహిరంగ సమావేశానికి కుటుంబ సభ్యులు, తెలుసుకోగోరేవారు ఎవరైనా రావచ్చు. ఆంతరంగిక సమావేశం తాగుడు సమస్య ఉన్నవారికే పరిమితం. మొదటిసారి ఒంటరిగా వెళ్లడానికి జంకేవారికి బహిరంగ సమావేశం అనుకూలం. మనసులోని మాట చెప్పుకోవాలనుకునేవారికి రెండోది మేలు.

పాఠశాల గదుల్లో, చర్చి ఆవరణల్లో, సామాజిక భవనాల్లో ఇవి జరుగుతుంటాయి. చోటు చూసి మత కార్యక్రమమని భ్రమపడనక్కర్లేదు. ఏఏకు ఏ మతంతోనూ, పార్టీతోనూ సంబంధం లేదు. చర్చల్లో దైవం ప్రస్తావన వస్తుంది. దాన్ని ఎవరి విశ్వాసం మేరకు వారు అన్వయించుకుంటారు. ఆ మాటే ఇబ్బందిగా తోచేవారు మానసిక వైద్యుల ఆధ్వర్యంలోని బృంద చికిత్సను ఎంచుకోవచ్చు.

ఏం గమనించాలి?

* భాష: పెద్ద నగరాల్లో ఇంగ్లిష్‌లో సాగే సమావేశాలూ ఉంటాయి. తెలుగులో జరిగేది ఏదో ముందే అడగాలి.

* దూరం, వేళ: పని ముగించుకుని చేరుకోగలిగేదై ఉండాలి. సాధారణంగా తాగాలనిపించే వేళకే సమావేశం ఉంటే మరీ మంచిది.

* గోప్యత: ఊళ్లోవారు చూస్తారన్న బెరుకు ఉంటే పక్క పట్టణంలోని సమావేశానికి వెళ్లవచ్చు. పూర్తి పేరు చెప్పనక్కర్లేదు. మాట్లాడటం ఇష్టం లేకపోతే వినివచ్చినా చాలు.

* డబ్బు: సభ్యత్వ రుసుం లేదు. సభ్యులు ఇష్టపూర్వకంగా ఇచ్చే చిల్లరతోనే ఖర్చులు గడుస్తాయి. ఎవరైనా ఫీజు అడిగినా, లోపలి మాటలు బయట పెట్టినా ఆ చోటు విడిచిపెట్టాలి.

* తోడు: కొంతకాలంగా తాగకుండా ఉన్న సభ్యుల్లో ఒకరిని మార్గదర్శిగా ఎంచుకునే ఆనవాయితీ ఉంది. పురుషులకు పురుషులు, స్త్రీలకు స్త్రీలు ఉండటం క్షేమం.

ఒక బృందంలో ఐదారుసార్లు కూర్చున్నాకే నిర్ణయానికి రావాలి. అప్పటికీ మనసు కుదరకపోతే మరో బృందానికి మారవచ్చు. అనుమతి ఎవరినీ అడగనవసరం లేదు. మధ్యలో ఒకనాడు తాగినా మర్నాడు సమావేశానికి వెళ్లవచ్చు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అక్కడ అర్హత.

ఇంటివారికీ ఓ వేదిక

తాగేవారితోపాటు నలిగిపోయే భార్య, తల్లి, పిల్లల కోసం అల్-అనాన్ బృందాలు వేరుగా ఉన్నాయి. ఇవి 1951లో ఆరంభమయ్యాయి. వీటిని నెలకొల్పినవారిలో బిల్ విల్సన్ భార్య లోయిస్ ఒకరు. తాగే వ్యక్తి మారనని మొండికేసినా ఇంటివారు వెళ్లవచ్చు.

2020లో కరోనా వ్యాప్తి తరువాత ఫోన్‌లో పాల్గొనే ఆన్‌లైన్ సమావేశాలు పెరిగాయి. బస్సు సౌకర్యం లేని పల్లెవాసులకు, బయటకు రాలేని మహిళలకు ఇవి ఉపకరిస్తాయి.

వివరాలకు..

ప్రభుత్వాసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాల్లో, వ్యసన విముక్తి కేంద్రాల్లో సంప్రదించవచ్చు. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయవాణి 14446, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో సారాపై తిరగబడ్డారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో తొలగిపోయింది. ఊళ్లో దుకాణం ఎప్పుడు మూతపడుతుందోనని ఎదురుచూడటం కన్నా, ఈ వారం సమావేశం ఎక్కడుందో కనుక్కోవడం బాధితుల చేతిలో ఉన్న పని.